ఒక పన్ను తేడా

వీధిలో అందరికీ ఆమె టైలరమ్మ. ముప్పై నాలుగేళ్లుగా ముందుగదిలో మిషను దగ్గర కూర్చుని, సగం వీధి కొలతలు నోటికి చెప్పగలిగేలా బట్టలు కుడుతోంది. ఆమె భర్త బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఆయన్ని మేస్త్రీ అంటారు. రెండేళ్లుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు సగమే నింపి ఇవ్వాలి. కారు నడపడం కూడా ఆమె వంతుకే వచ్చింది.

ఆ ఆదివారం ఉదయం కారు టైమింగ్ బెల్టు మార్చాల్సిందేనని మేస్త్రీ పట్టుబట్టాడు. ఇంజనులో పైచక్రాన్నీ కిందిచక్రాన్నీ ఒకే లెక్కలో తిప్పే పళ్ల పట్టీ అది. తెగినా, జారినా లోపలి భాగాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఇంజను పాడవుతుంది.

"షెడ్డుకి ఇచ్చేద్దామండీ," అంది టైలరమ్మ.

"ఈ కారు మీద పరాయి చెయ్యి పడనిచ్చానా ఎప్పుడైనా?"

పడనివ్వలేదు, నిజమే. ముందు చక్రం విప్పేదాకా ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆ తర్వాత బెల్టు మూత బోల్టుకు స్పానరు పట్టించబోతే మూడుసార్లు జారింది. నాలుగోసారి చేతిలోంచే పడిపోయింది. ఆయన దాన్ని తియ్యలేదు. గోడవైపు తిరిగి నిలబడిపోయాడు.

టైలరమ్మ చేతులు మోచేతుల దాకా మడుచుకుని కింద కూర్చుంది.

"పదా, పన్నెండా?" అంది స్పానర్లు వెతుకుతూ.

"పది," అన్నాడాయన, గోడకే చెప్తున్నట్టు.

ఆ నంబర్లు ఆమెకు కొత్త కాదు. పెళ్లైన కొత్తలో ఒకే గదిలో కాపురం. పాత ఇనుము దుకాణం నుంచి తాడు కట్టి లాక్కొచ్చిన డొక్కు ఈ కారు. ఆరు నెలలు దీని ఇంజను స్టవ్వు పక్కనే ఉంది. డ్యూటీ దిగి ఆయన దాని ముందు కూర్చుంటే, ఆమె కూర తిప్పుతూ వెనక్కి చూడకుండానే అడిగిన స్పానరు అందించేది. సీట్లకు గుడ్డలు తనే కుట్టింది, నీలం మీద తెల్లచారలు. కూతురు మొదటి అడుగులు వేసింది దీని బంపరు పట్టుకునే. ఆ చారలు వెలిసిపోయి చాలా కాలమైంది. ఆమెకు మాత్రం ఆ తలుపు తెరిచిన ప్రతిసారీ కొత్త గుడ్డ వాసన వచ్చినట్టే ఉంటుంది.

మూత ఊడొచ్చింది. బెల్టు అంచు తడిమి చూసింది.

"పోగులు లేచాయండీ."

"నేను చెప్పలా?" అంటూ మేస్త్రీ ఇటు తిరిగాడు.

ఆయన చెప్తున్న ప్రకారం రెండు చక్రాల మీది గీతల్ని ఇంజను మీది గుర్తులకు ఎదురుగా తెచ్చింది.

"జాకెట్టుకి చెయ్యి అతికేటప్పుడు గుర్తులు కలిపినట్టే కదా?"

"అంతకంటే సుళువు. ఇది నీ దగ్గరికి వచ్చేవాళ్లలా లావెక్కదు."

బెల్టును బిగువుగా పట్టి ఉంచే చిన్న చక్రాన్ని వదులు చేసి, పాతది లాగేసి కొత్తది తొడిగింది. బోల్టు బిగించి, కిందిచక్రాన్ని పెద్ద స్పానరుతో నిండుగా రెండు చుట్లు తిప్పింది. పైగీత గుర్తు దగ్గరికి వచ్చి, కాస్త ఇవతలే ఆగింది.

"కలిశాయా?"

అప్పటికే మెడ పట్టేసింది, మోకాళ్లు సలుపుతున్నాయి. ఆయన చూపు అంత దగ్గరిది ఆనదు. కలిశాయంటే సరిపోయేది.

"ఒక పన్ను తేడా," అంది. ఈ మాట ఆయన వయసులో ఉండగా విని ఉంటే స్పానరు గోడకు తగిలేది.

మేస్త్రీ పీట లాక్కుని పక్కనే కూర్చున్నాడు. "పెళ్లిబట్టలు ఇవ్వడానికి వెళ్లిన రోజు గుర్తుందా?"

ఎలా మరిచిపోతుంది? పెళ్లివారి బట్టలన్నీ వెనక సీట్లో ఉండగా నడిరోడ్డు మీద కారు ఠక్కున ఆగిపోయింది. మూట నెత్తిన పెట్టుకుని ఎండలో నడిచి, కూరగాయల లారీ ఎక్కి పెళ్లి టైముకు అందించింది. స్పేర్‌పార్ట్స్ కొట్టువాడు నాసిరకం బెల్టు అంటగట్టాడని ఆ వారమంతా మేస్త్రీ చెప్పాడు.

"బెల్టు బాగానే ఉంది," అన్నాడిప్పుడు. "ఈ చిన్న చక్రం బోల్టు నేనే సగం బిగించి మర్చిపోయా. జారిపోయింది."

ఇరవై ఎనిమిదేళ్లు. ఆ కొట్టువాడి భార్య ఎదురుపడితే టైలరమ్మ మొహం తిప్పుకునేది. ఆవిడ గుడ్డ కుట్టమని తెస్తే, పని ఎక్కువగా ఉందని తిప్పి పంపేసింది.

"పాపం, ఆవిడ మంచి గళ్ల గుడ్డ తెచ్చిందండీ," అంది. "ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు స్పానర్లు అందించడం మానేస్తావని."

కోపం తెచ్చుకుందామనుకుంది. నవ్వొచ్చింది. నవ్వుతూ మొహం తుడుచుకుంటే ముక్కంతా గ్రీజయింది. అది చూసి ఆయనా నవ్వాడు.

మళ్లీ విప్పింది, మళ్లీ తొడిగింది. ఈసారి రెండు చుట్లు తిప్పాక గీత సరిగ్గా గుర్తు దగ్గర నిలిచింది. చిన్న చక్రం బోల్టు బిగించేటప్పుడు ఆయన తన చేతిని ఆమె చేతి మీద వేశాడు. బిగువు చాలిందో లేదో ఆ వణికే చేతికి తెలుస్తూనే ఉంది.

"ఇంకొంచెం. ఆఁ, చాలు."

మూతా, ముందు చక్రమూ మళ్లీ బిగించి తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. మేస్త్రీ కళ్లు మూసుకుని కాసేపు విని, వచ్చి పక్కసీట్లో కూర్చున్నాడు.

"ఎక్కడికి?" అంది.

"ఎటైనా పోనీ."

ఊరి చివర పెట్రోలు బంకు దాకా వెళ్లొచ్చారు. భోజనం చేసేసరికి నాలుగైంది. గోళ్ల కింద గ్రీజు ఎంత తోమినా పోలేదు. ఆ వారం తెల్లగుడ్డ ఎవరు పట్టుకొచ్చినా టైలరమ్మ తర్వాత రమ్మంది.