కింది పుల్లీ లేని రోజు

పదవీ విరమణకు రెండేళ్ళ ముందు, ఏప్రిల్ మొదటి వారంలో నన్ను చింతామణి నుంచి బాగేపల్లి తాలూకాకు వేశారు. తాగునీటి విభాగంలో జూనియర్ ఇంజినీరుని. చేరిన నాలుగో రోజున మిట్టేమరి అవతల ఒక చిన్న పల్లెకు వెళ్ళాను. అక్కడ బోరు మోటారు కాలిపోయింది. ఆ పల్లెలో నీళ్ళున్న బోరు అదొక్కటే.

మోటారు పైకి తీయాలంటే బోరు మీద మూడు కాళ్ళ ఇనుప స్టాండు నిలబెడతారు. దాని తలకు ఒక పుల్లీ. పైపుకు కట్టిన తాడు ఆ పుల్లీ మీదుగా దిగి, స్టాండు కాలి దగ్గర కట్టిన ఇంకో పుల్లీ కిందుగా తిరిగి, ట్రాక్టరుకు పోతుంది. ట్రాక్టరు ముందుకు నడిస్తే పైపు లేస్తుంది. ఆ రోజు కింది పుల్లీ లేదు. బేరింగు అరిగిపోతే చింతామణిలో రిపేరుకు ఇచ్చారట.

ముప్పై ఏళ్ళుగా మోటార్లు ఎత్తుతున్న మేస్త్రీ నారాయణప్ప తాడు ముట్టుకోలేదు. “రేపు పొద్దున్నే తెస్తాను సార్. అది లేకుండా లాగితే ట్రాక్టరు స్టాండునే తన పక్కకు లాక్కుంటాది” అన్నాడు.

పంచాయతీ సభ్యురాలు వెంకటమ్మ కూడా అదే మాట. “మూడు దినాలుగా ట్యాంకరు నీళ్ళే తాగుతాండాము, ఇంకో దినం ఓర్చుకుంటాము. ఆయప్ప చెప్పేది ఇను సార్.”

ఓర్చుకోలేనిది నేనే. మరునాడు చిక్కబళ్ళాపురంలో మీటింగు. నా పై అధికారి ఏఈఈ గారు నీళ్ళు వచ్చాయన్న మాట కోసం అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. ఫైలు అట్ట వెనుక లెక్క వేశాను. పైపులు, వాటిలో నీళ్ళు, మోటారు కలిపి రెండు టన్నులు. స్టాండు ఐదు టన్నులు మోస్తుంది. కొత్తగా వచ్చిన ఆఫీసరు మేస్త్రీ మాటకు ఆగితే పరువేముంటుందన్న పొగరు కూడా కొంత ఉంది. లాగమన్నాను.

బోరు నోటి దగ్గర పైపును పట్టి ఉంచే క్లాంపు జానెడు లేచింది. అంతలో ట్రాక్టరుకు దూరంగా ఉన్న స్టాండు కాలు నేల విడిచింది. స్టాండు ఒరిగి పడింది. క్లాంపు ఊడి, పైపులూ మోటారూ బోరులోకి జారిపోయి అడుగున ఇరుక్కున్నాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నారాయణప్ప తలగుడ్డ తీసి నేల మీద కూర్చున్నాడు.

బోరులో వేలాడే బరువు ఒక్కటే నేను లెక్కలో రాసుకున్నాను. పుల్లీకి ఇటుపక్క తాడు కూడా స్టాండును అంతే బలంతో లాగుతుంది, అదీ ఏటవాలుగా. కింది పుల్లీ ఉంటే ఆ పక్కలాగుడు నేల మట్టానికి దిగిపోయి, పైన స్టాండును కిందికి అదిమే బలమే మిగులుతుంది. అది లేకపోతే స్టాండు పడిపోతుంది. డిప్లొమా మొదటి ఏడాదిలో చదివిన పాఠమే.

ఎంత ప్రయత్నించినా ఆ పైపులు బయటికి రాలేదు. కొత్తగా మూడు చోట్ల బోరు వేయించాము. మూడింటిలోనూ దుమ్మే లేచింది. నేను రిటైరయ్యేనాటికి వెంకటమ్మతో సహా సగం ఇళ్ళవాళ్ళు బాగేపల్లికి వెళ్ళిపోయారు. తప్పు నాదేనని రిపోర్టులో రాశాను. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పుల్లీకి రెండు పక్కలా తాడు ఉంటుంది, రెండు పక్కలా లెక్క రాయాలి. చేయి తిరిగిన మేస్త్రీ ఆగమంటే కాగితం పక్కన పెట్టి ఆగాలి. మిగిలిన రెండేళ్ళూ అలాగే చేశాను. దానివల్ల ఆ పల్లెకు ఒరిగిందేమీ లేదు.