అక్క ఆయాసం

పోయిన నెల విజయవాడలో గుండె డాక్టరు గారు నా ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, తెర మీద ఆడుతున్న నీడల్ని చూపిస్తూ, "వాల్వు బాగా బిగుసుకుపోయిందమ్మా, సున్నం పేరుకుంది, మీ వయసులో ఇది మామూలే, రోజూ చూస్తూనే ఉంటాం," అన్నారు. మా అమ్మాయి కంగారు పడింది గానీ నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఇంట్లో ఇంకెవరికైనా గుండె జబ్బు ఉందా అని ఆయన అడిగినప్పుడు, ఏళ్ల తరబడి మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట నా నోట వచ్చింది. మా అక్కకు, అన్నాను.

మాది మంగళగిరిలో నేత కుటుంబం. ఆ రోజులు ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు, ఒకే గదిలో మగ్గం, మగ్గం గుంటలోంచి వచ్చే చెమ్మ, మిగిలిన జాగాలో చాపల మీద మేమందరం, ఒకరికి గొంతు నొప్పి వస్తే వారం తిరక్కుండా అందరికీ. మిరియాల కషాయం తాగి ఊరుకునేవాళ్లం. అక్క బడికి వెళ్లే వయసులో అలాంటి గొంతు నొప్పే తగ్గిన కొన్నాళ్లకు జ్వరం వచ్చి, మోకాలు వాచి, అది తగ్గేసరికి మోచెయ్యి, ఆ తర్వాత మణికట్టు, ఇలా నొప్పి ఒళ్లంతా తిరిగింది. ఎదిగే పిల్లకు మామూలే అన్నారు ఇరుగుపొరుగు. నాన్న మాత్రం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. గొంతులో మొదలైన ఈ జ్వరం కీళ్లను వదిలేసినా గుండెను వదలదని, పెద్దదయ్యేదాకా మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది వేయించాలని అక్కడి డాక్టరు గారు చెప్పి మరీ పంపించారు.

కొన్నాళ్లు వేయించారు. ఆ సూది వేసినప్పుడల్లా అక్క కుంటుతూ ఇంటికి వచ్చేది. నొప్పులు పోయాయి, తింటోంది, తిరుగుతోంది. "బాగున్న పిల్లని పొడిపించుకు రావడమేంట్రా, నీకు మగ్గం పని లేదా?" అంది నాయనమ్మ. నాన్న మానేశాడు. ఆయన దుర్మార్గుడు కాడు, పిల్లంటే ప్రాణం. సూదికని వెళ్లిన రోజు మగ్గం ఆగేది, అంతే. ఆ "అంతే" తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకొన్నేళ్లకు అక్క బిందె మోసుకొచ్చి గుమ్మంలో కూలబడిపోయేది. అమ్మ దాన్ని బద్ధకం అనేది. అక్క రాట్నం మీద నూలు కండెలు చుడుతూ చుడుతూ ఆగి, నోటితో ఊపిరి పీల్చుకునేది. అలాగే పెళ్లి చేశారు. కడుపుతో పుట్టింటికి వచ్చినప్పుడు కాళ్లు వాచి, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. "పడుకుంటే నీళ్లలో మునిగిపోతున్నట్టుందే చెల్లీ, నేను వేషాలు వెయ్యట్లేదు, అమ్మకి నువ్వైనా చెప్పు," అంది నాతో. చెప్పాను. నెలలు నిండేటప్పుడు అందరికీ అంతేనంది అమ్మ. తీరా ఆసుపత్రికి చేర్చేసరికి గుండెలో కవాటం సన్నని చీలికలా మూసుకుపోయిందని, చిన్నప్పటి జ్వరం చేసిన పనేనని చెప్పారు. అక్కా దక్కలేదు, బిడ్డా దక్కలేదు. రోగం దాచి అంటగట్టారని అక్క అత్తగారు వీధిలో నిలబడి తిట్టింది. దిష్టి తగిలిందని మావాళ్లు సరిపెట్టుకున్నారు. సూది సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా విని డాక్టరు గారు, ఒకప్పుడు గుండె వార్డుల నిండా అలాంటి పడుచువాళ్లే ఉండేవాళ్లని, ఇప్పుడు నాలాంటి ముసలివాళ్లు ఎక్కువయ్యారని అన్నారు. నాకు ఛాతీ కొయ్యకుండా తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త వాల్వు పంపి అమరుస్తారట. మరి ఆ పిల్లలు ఇప్పుడు రావట్లేదా అని అడిగాను. "తగ్గారమ్మా. కానీ వస్తూనే ఉన్నారు," అని ఆయన తెర వైపు తిరిగిపోయారు.

కాలం ఎంత మారిందో అని మన వయసు వాళ్లం కలిసినప్పుడల్లా చెప్పుకుంటాం, నిజమే, ఈనాటి వైద్యం ఆనాడు లేక చనిపోయినవాళ్లు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. మా అక్క గురించి నేను అలా అనుకుని మనసు కుదుటపరుచుకోలేను. దానికి కావలసిన మందు అప్పుడూ ఉంది.