అడగకుండా తెరిచిన కిటికీ

బొగ్గునుసి ఎవరి కళ్లలోనైనా పడుతుందేమోనని, రేపల్లె బండిలో కిటికీ తెరిచే ముందు నాతో తరచూ వచ్చే ఒక పెద్దాయన అందరినీ అడిగేవారు. "తీయమంటారా అండి?" పొలం అమ్మాలన్నా గట్టు పక్క రైతును ముందు అడిగే మనిషి. తెనాలిలో నేను గుమాస్తాగా ఉన్న నూనె మిల్లులో ఆయనకు కాసిని వాటాలుండేవి.

డెబ్భైల్లో ఒక విదేశీ కంపెనీ, డైరెక్టర్ల వాటాలు మాత్రం మంచి ధరకు కొని మిల్లును చేజిక్కించుకుంది. వాటాదారుల సమావేశంలో ఆయన లేచారు.

"మమ్మల్నీ ఒక మాట అడగాలి కదండి? ఆ ధర మాకూ ఇవ్వాలి కదండి?"

"ఢిల్లీ అనుమతిచ్చిందండి. మిమ్మల్ని అడగాలని చట్టంలో లేదు," అన్నాడు ఛైర్మన్. ఆ జవాబు రాసిచ్చింది నేనే.

సాయంత్రం బండిలో ఆయన ఎవరినీ అడక్కుండా కిటికీ తెరిచారు. నుసి నా కళ్లలో పడింది. మూయమని ఏ మొహం పెట్టుకుని అడగను?