ఏ తెర మీది నంబరు?

మా ఆఫీసులో ఆయన్ని నిదానం గారంటారు. ఆ పేరు పెట్టింది నేనే, ఎగతాళికి. ఇంటినుంచి పనిచేసేవాళ్లకు ఆఫీసు కంప్యూటరు కలవకపోతే మా ఇద్దరికే ఫోన్ వస్తుంది. నేను మూడు నిమిషాల్లో తేల్చేస్తాను, కనీసం తేల్చేశాననుకుంటాను. ఆయన చెప్పిందంతా విని ఆఖర్న ఒక్క ప్రశ్న అడుగుతారు. ఇంట్లో మిక్సీ ఆగిపోయినా, "ఆగేముందు ఏం చేశావు?" అంటూ వాకబు మొదలుపెడతారని వాళ్లావిడ దెప్పుతుంది.

ఆ రోజు ఫోన్ చేసింది ఇళ్ల ప్లాన్లు గీసే ఆవిడ. కాలు విరిగి మంచంమీద ఉంది. ఇంటినుంచే గీస్తానంటే మేనేజరు అయిష్టంగా ఒప్పుకున్నాడు. నాలుగింటికల్లా ప్లాను రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. ఇంట్లోంచి ఒక నంబరు కొడితే ఆఫీసులో తన సీటు దగ్గరి కంప్యూటరు తెరుచుకోవాలి. పొద్దుటినుంచి ఆమెకు అది కలవడం లేదు. నేను నెట్ చూశాను, పాస్‌వర్డ్ మార్చాను, ప్రోగ్రాం తీయించి మళ్లీ వేయించాను. చివరికి, "మీకు చెప్పడం నావల్ల కాదండీ," అనేశాను. అటువైపు ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

నిదానం గారు ఫోన్ తీసుకున్నారు.

"అమ్మా, కంగారు పడకండి. ఆ నంబరు ఎక్కడ చూసి కొడుతున్నారు?"

"నా ఎదురుగా తెరమీదే ఉంది కదండీ. ఎలా కలపాలో మీరు రాసిచ్చిన కాగితంలో అలాగే ఉంది."

అది ఆమె ఇంటి కంప్యూటరు నంబరు. ఇంతసేపూ తన కంప్యూటరునుంచి దానికే వెళ్లాలని చూస్తోంది. నాకు నవ్వాగలేదు. ఆయన నవ్వలేదు. సొరుగులోంచి ఆ కాగితం తీసి నా ముందు పెట్టారు. 'తెరమీద కనిపించే నంబరు కొట్టండి' అని ఉంది. ఏ తెరో లేదు. ఆ కాగితం రాసింది నేను.

ఆయన ఆమె సీటు దగ్గరికి నడిచి వెళ్లి, అక్కడి తెరమీది నంబరు చదివి చెప్పారు. క్షణంలో కలిసింది. పక్కనే ఉన్న మేనేజరు, "ఆవిడకి చేతకావట్లేదా?" అన్నాడు.

"ఆవిడ మేం రాసిచ్చినట్టే చేశారు సార్. తప్పు మాది. పొద్దుటి టైమంతా మేమే తినేశాం, రేపటిదాకా గడువివ్వండి."

మేనేజరు సరేనన్నాడు. అంత పెద్దమనసు నాకు ఈ జన్మలో రాదనిపించింది. కానీ ఊరుకోలేక ఆమెకు ఫోన్ చేశాను.

"ఆ కాగితం రాసింది నేనేనండీ."



"అయితే ఇందాక నేను ఏడ్చింది నాకు చేతకాక కాదన్నమాట," అంది.