ముల్లు పడింది నాయనా

మొన్న బీచి పక్క వీధిలో కొత్తగా తెరిచిన కాఫీ హోటల్‌కు తోటి ఉద్యోగులతో వెళ్తే, గోడకు కొట్టిన చెక్క అరమీద పాత టైపురైటరుకూ ఇత్తడి కూజాకూ నడుమ ఒక నల్లటి ముల్లు మీటరు అలంకారంగా నిలబెట్టి ఉంది. దాని ఎర్ర, నల్ల తీగలను మొదలంటా కత్తిరించేశారు. పక్క బల్ల దగ్గరి జంట దాన్ని పట్టుకుని ఫోటో దిగి, ఎంత ముద్దుగా ఉందో అనుకున్నారు. వాళ్లు పెట్టేశాక నేను చేతిలోకి తీసుకున్నాను. ఆ బరువు, వెనక మూత సందులోంచి వచ్చే పాత బ్యాటరీ తుప్పు వాసన, ఎండకు వేడెక్కిన నల్లటి పెట్టె వాసన తగిలేసరికి కాఫీ పక్కకు జరిపేశాను.

కరెంటు వస్తోందా లేదా, వస్తే ఎంత, తీగ ఎక్కడ తెగింది అని చూసే ఇలాంటి పెట్టె ఒకటి ముదలియార్‌పేటలో మా ఇంటి గూట్లో దేవుడి పటాల కింద ఉండేది. నాయన మిల్లులో ఎలక్ట్రీషియన్. ఎన్ని తరాల కింద ఈ అరవ ఊరొచ్చామో మాలో ఎవరికీ తెలీదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లమే గాని, ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లు మా వీధి మొత్తంలో ఒక్కరూ లేరు. నేనైనా ఉద్యోగంలో చేరాక, యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఒకావిడ దగ్గర నేర్చుకున్నవే ఇవి.

ఆదివారం పొద్దున నాయన తలకు నూనె రాసుకుని, అది నానేలోగా వరండాలో చాప పరిచి మీటరు ముందేసుకునేవాడు. అద్దాన్ని పాత పంచె ముక్కతో తుడిచి, తీగల చివర ఉండే రెండు కడ్డీల మొనలు ఒకదానికొకటి ఆనించి, చిన్న చక్రం తిప్పి ముల్లును సరిగ్గా సున్నా మీదికి తెచ్చేవాడు. అంకెల కింద సన్నటి అద్దపు పట్టీ ఉండేది. ఒక కన్ను మూసి, ముల్లు నీడ ముల్లు కిందే దాక్కునేలా తల సర్దుకుని చూస్తేనే లెక్క సరైనదని నేర్పాడు. దీపావళి నాటి ఐప్పసి నెల వానల్లో రేడియోలు చెమ్మ పట్టి మూగబోయినప్పుడు వీధి వీధంతా మా వరండాకే వచ్చేది. అమ్మ వేయించిన వేరుశనగకాయల వాసన, సోల్డరింగు పొగ, తడిసిన గొడుగుల వాసన కలిసిపోయి ఉండగా మేము పిల్లలం చేతికొక కడ్డీ వేళ్ల మధ్య నొక్కి పట్టి, ఎవరి చేతిలో ముల్లు ఎక్కువ కదులుతుందా అని పందేలు వేసుకునేవాళ్లం.

ఇప్పుడు నేను కాలేజీ ల్యాబులో ఇదే పాఠం చెబుతున్నాను. ముల్లు లేని అంకెల మీటర్లే, డిజిటల్‌వే వాడుతున్నాం. అబద్ధమెందుకు, లెక్క కచ్చితంగా చెప్పడంలో ముల్లు మీటరు వాటి కాలిగోటికి చాలదు. కింద పడినా బతుకుతాయి, కన్ను మూసి చూడాల్సిన పని లేదు. కానీ అంకె ఒక్క ఉదుటున వచ్చి కూర్చుంటుంది. అక్కడికి ఎలా వచ్చిందో, మధ్యలో ఎక్కడ తడబడిందో చెప్పదు. ముల్లు బయల్దేరుతుంది, తూలుతుంది, వెనక్కి జంకుతుంది. దాని అవస్థ అంతా కళ్లముందే. ఈ తేడా ఏమిటో నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు.

మా ఎదురింటి ఏలుమలై మామ అదే మిల్లులో దూది ఏకే యంత్రం మీద పనిచేసేవాడు. చుట్టం కాకపోయినా నాయన ఆయన్ని బావా అనేవాడు. ఒకే సైకిలు మీద డ్యూటీకి పోయేవాళ్లు, ఒకరు తొక్కితే ఒకరు వెనక. నాకు పదకొండేళ్లప్పుడు ఆయుధపూజకు మిల్లు గేట్లు తెరిచి ఇంటివాళ్లందర్నీ లోపలికి రానిచ్చారు. యంత్రాలన్నిటికీ గంధం, కుంకుమ, అరటి పిలకలు, గడపకొక బూడిదగుమ్మడికాయ. నా పావడా ఒడిలో పొరి అనే మరమరాలు, వేయించిన పప్పు, బెల్లం ముక్కలు, పచ్చి కొబ్బరి. నాయన మీటరుకు కూడా మూడు గంధపు గీతలు పెట్టాడు. అప్పుడే ఏలుమలై మామ వచ్చి, తన యంత్రం నడుస్తూ నడుస్తూ నడుమ ఎక్కిళ్లు పడుతోందన్నాడు.

నాయన మోటారుకు పోయే తీగలు విప్పిపెట్టి, స్విచ్చి తీగకు మాత్రం కరెంటు ఇచ్చి, మీటరు నా చేతిలో పెట్టాడు.

"పాపా, ముల్లు చూస్తా ఉండు. పడితే చెప్పు."

ఆయన తీగను మెల్లిగా కదిపాడు.

"పడింది నాయనా!" అని అరిచాను. "మళ్లా లేచింది."

"చూస్తివా బావా, లోపల తీగ తెగి ఉండాది. తగిలీ తగలకుండా ఉండాది."

ఆ ఏడే వచ్చిన ఇంజనీరును పిలుచుకొచ్చారు. తెల్ల చొక్కా, చేతిలో పసుపుపచ్చ అంకెల మీటరు, మిల్లులో అదే మొదటిది. ఆయన కడ్డీలు పెట్టాడు. అంకె వచ్చింది, నిలబడింది. నాయన తీగ కదిపినప్పుడు ఒక్క క్షణం ఏదో మెరిసినట్టయి మళ్లీ అదే అంకె. "కరెక్టుగా ఉంది కదా. నీ పాత డబ్బా చేతులు వణుకుతున్నాయేమో" అని నవ్వి, రేపట్నుంచి నడపమని చెప్పి పోయాడు. ఆ తీగ మార్చాలంటే సగం దినం యంత్రం ఆపాలి.

ఆయన పోయాక నాయన చెప్పిన మాట నేను పక్కనే నిలబడి విన్నాను. "బావా, తీగ మార్చేదాకా దాంట్లో చెయ్యి పెట్టొద్దు. అది ఆగినా ఆగినట్టు కాదు." ఏలుమలై మామ నోటినిండా పొరి నములుతూ తల ఊపి, నా ఒడిలోంచి ఇంకో గుప్పెడు తీసుకున్నాడు.

మూడో రోజు యంత్రం ఆగింది. ఇరుక్కున్న దూది తీద్దామని మామ చెయ్యి పెట్టాడు. తెగిన తీగ మళ్లీ తగిలింది. కుడిచేతి మూడు వేళ్లు పోయాయి.

విచారణ జరిపారు. నాయన్ని అడిగింది ఒకటే ప్రశ్న: ఆఫీసు ఇచ్చిన మీటరు ఉండగా సొంత మీటరుతో ఎందుకు చూశావు? ఏలుమలై మామను అడిగితే, ఎలక్ట్రీషియనే సరిగ్గా ఉంది, నడుపు అన్నాడని చెప్పాడు. ఇంగ్లీషులో రాసిన కాగితం కింద నాయన అరవంలో సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. ఉద్యోగం పోయింది.

అమ్మ వాకిట్లోనే గొంతెత్తింది. "ఆ మనిషికి నోరెట్లా వచ్చింది? ఇంట్లో మనిషి మాదిరి చూసుకుంటిమే!"

"మూడు వేళ్లు పోయినాయి వాడికి," అన్నాడు నాయన చొక్కా విప్పుతూ. "గేటు కాడ వాచ్‌మన్ పని ఇస్తామన్నారంట. నా పైన చెప్పకుంటే అదీ లేదు. ఇంగ ఏం చేస్తాడు?"

"నేనొచ్చి చెప్తా నాయనా. ముల్లు నేనే చూసినా కదా. నువ్వు మామతో చెప్పింది కూడా విన్నా."

నాయన నా వైపు తిరిగాడు. అంతకు ముందెప్పుడూ నాతో ఆ గొంతుతో మాట్లాడలేదు.

"నువ్వేమీ చూడలేదు, ఏమీ వినలేదు. నోరు మూసుకో."

మూసుకున్నాను. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసుకుంటూ నాయన ఇంకో పన్నెండేళ్లు బతికాడు. ఖాకీ చొక్కా వేసుకుని మామ ఎదురింట్లోంచి రోజూ సైకిలెక్కేవాడు. నాయన తలెత్తేవాడు కాదు, సిగ్గుతో కాదు, మామకు సిగ్గు కలగకుండా. అది ఆయన పెద్దమనసని ఊరంతా అనుకునే అవకాశం కూడా లేకపోయింది, ఎందుకంటే ఊరి దృష్టిలో ఒక మనిషి చెయ్యి తీసేసినవాడు ఆయనే. ఆ పెద్దమనసును నేను ఈనాటికీ క్షమించలేకపోతున్నాను. నన్ను సాక్షిగా నిలబెట్టి, ఆ తర్వాత నా కళ్లనూ చెవులనూ కొట్టిపారేశాడు.

మిల్లు మూతపడి చాలాకాలమైంది. విచారణలో కూర్చున్నవాళ్లు, ఆ ఇంజనీరు, ఎవరెక్కడున్నారో తెలీదు. నాయన లేడు, అమ్మ లేదు. ఏలుమలై మామ నటేశన్ నగర్‌లో కూతురి దగ్గర ఉన్నాడు. పోయిన నెల ఒంట్లో బాగాలేదని తెలిసి చూడ్డానికి వెళ్లాను. కూతురు మజ్జిగ ఇచ్చి లోపలికి వెళ్లింది. ఇన్నేళ్లుగా నాలుక మీద ఉన్నది అప్పుడు బయటపడింది.

"మామా, ఆయుధపూజ దినం ఆ యంత్రం ముందర నాయన నీకేం చెప్పినాడు?"

ఆయన తడుముకోలేదు. ఎడమచేత్తో కుడిచేతిని నిమురుకుంటూ నా కళ్లలోకి చూశాడు.

"సరిగ్గా ఉండాది, నడుపు బావా అన్నాడు. పాపం, మీ నాయన మంచోడు పాపా. ఆ ఒక్క దినం తప్పు చేసినాడు." ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. "నాకేం కోపం లేదు. నేను ఆయన్ని ఎప్పుడో మన్నించేసినా."

ఆయన అబద్ధమాడటం లేదు. చెప్పీ చెప్పీ, ఆ మాటే జరిగిందని ఎప్పుడో నమ్మేసి ఉంటాడు. నాయన అసలన్న మాట ఈ లోకంలో నా ఒక్కదాని దగ్గరే మిగిలింది. మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఒళ్లు జాగ్రత్త మామా అని చెప్పి బయటికొచ్చాను.