సూర్యం వేళ్లు
గతౌరా స్టేషను దగ్గర రైలు పట్టాల మీద గ్యాంగు పని చేసి వచ్చిన సూర్యం రోజూ చాలాసేపు చేతులు కడుక్కుంటాడు. సుత్తి పట్టి వేళ్లకు కాసిన కాయలు మాత్రం సబ్బుకు పోవు. కూతురు తను వాడి వదిలేసిన మడత ఫోను పంపింది. విప్పితే తెర పలకంత అవుతుంది, రెండు వేళ్లతో సాగదీస్తే బొమ్మ పెద్దదవుతుంది. అందులో పాత గ్రూపు ఫొటో ఉంది. వెనక వరసలో, శనగగింజంత ముఖంతో, చనిపోయిన అతని తల్లి. ఆమెకు వేరే ఫొటో లేదు. సూర్యం వేళ్లు తుడుచుకుని మళ్లీ మళ్లీ సాగదీశాడు. బొమ్మ కదల్లేదు.

“ఏటి మావా, అద్దానికి నీ ఏళ్లు ఆనడం నేదా?” భార్య కనకమహాలక్ష్మి నవ్వింది.

అతను నవ్వలేదు. ఆమె వేళ్లు పట్టుకుని తల్లి ముఖం మీద ఆనించి, మెల్లగా విడదీశాడు. ముఖం పెరిగింది, పెరిగేకొద్దీ మసకబారింది.

“చాల్లే, ముక్కూ మొగం తెలవడం నేదు.”

“నాకు తెలస్తంది. ఆపకు.”