గంజి పెట్టిన రవిక

డెబ్బైల్లో ఒక రోహిణి కార్తెలో మా అత్తగారికి అక్కి లేచింది. ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా పట్టీలా నీటి పొక్కులు. వన్‌టౌన్‌లో ఒక కుమ్మరాయన దగ్గరికి రిక్షాలో తీసుకెళ్లి అక్కి రాయించాను. ఆయన ఎర్రమన్నుతో వీపు మీద సింహం బొమ్మ గీశాడు. మూడు వారాల్లో పొక్కులు మాడిపోయాయి. రాయించాం కదా, ఇక పోయినట్టేనని నా ధీమా.

అసలు గొడవ అప్పుడు మొదలైంది. ఆవిడ రవిక వేసుకోవడం మానేసింది. పైటను చేత్తో ఎత్తిపట్టి ఒంటికి తగలకుండా ఉంచేది.

"కారం పూసినట్టు మంటమ్మాయ్. ఉండుండి కరెంటు కొట్టినట్టు లాగుద్ది. గుడ్డ రాసుకుంటే ప్రాణం పోతంది" అనేది. అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే మాత్రం కాస్త నయమట! అదిమితే లేని నొప్పి గుడ్డ తగిలితే వస్తుందా?

భవానీపురంలో మాది ఒంటిగది వాటా. ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానూ కట్టేయించేది, గాలి తగిలినా మంటేనని. బళ్లో పాఠాలు చెప్పి గొంతెండి వచ్చిన నాకు ఒళ్లు మండిపోయేది. నన్ను సాధించడానికే ఈ వేషాలనుకున్నాను. అనుకుని ఊరుకున్నా బాగుండేది.

పామర్రులో మా ఆడపడుచు కూతురి నిశ్చితార్థం వచ్చింది. ఆవిడ రానంది.

"డాక్టరుగారు కూడా చూశారు కదండీ అత్తయ్యగారూ. పుండు లేదు, వాపు లేదు. ఎన్నాళ్లండీ ఈ నాటకం?" అన్నాను. అని, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన రవిక చేతికిచ్చాను. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, తొడుక్కుంది.

బస్సులో నా పక్కనే కూర్చుంది. నేను కునుకు తీస్తున్నాననుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా పెదవి కొరుక్కుని, ఎడమచెయ్యి ఒంటికి ఆనకుండా ఎడంగా పట్టుకుంటోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఆవిడను చూసేవాళ్లు ఎవరూ లేరు. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

తిరిగొచ్చాక, "ఫ్యాను ఏసుకో అమ్మాయ్, నాకు తగ్గింది" అంది. ఒక్కమాట గట్టిగా అనేసరికి రోగం కుదిరిందని బళ్లో టీచర్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

రెండేళ్లకు ఆవిడ పోయింది. బట్టలు ఎవరికైనా ఇద్దామని పెట్టె తీశాను. ప్రతి రవికకూ లోపల ఎడమవైపు, మా మామగారి పాత పంచెల నుంచి చింపిన మెత్తటి ముక్క వేసి ఉంది. సన్నటి కుట్లు. నేను బడికి వెళ్లాక కుట్టుకునేదేమో, ఇంట్లో ఎన్నడూ సూది పట్టగా చూడలేదు.

నరాల నొప్పి అలాగే ఉంటుందనీ, ఆ రోజుల్లో అదంతా ఎవరికి తెలుసులెమ్మనీ ఈమధ్య ఒక డాక్టరమ్మ నన్ను ఓదార్చింది. నేను తలూపాను.

నాకు తెలుసు. పామర్రు బస్సులోనే తెలిసింది.